ఎనిమిదో తరగతిలో ఎక్కాలు నేర్పడం నేరమా?

హైస్కూలుకొచ్చినా కూడబలుక్కోకుండా నాలుగు వాక్యాలు చదవలేని పిల్లలున్నారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించలేని పిల్లలున్నారు. వాళ్ల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన దగ్గర ఒకే తీర్పు సిద్ధంగా ఉంటుంది: "ఇప్పుడేం నేర్పుతాం? వయసు దాటిపోయింది. మొక్కై వంగనిది మానై వంగునా?" స్టాఫ్ రూముల్లో ఈ మాట నిట్టూర్పుగా వినిపిస్తుంది. సమీక్షా సమావేశాల్లో నిర్ణయంగా వినిపిస్తుంది. చివరికి తల్లిదండ్రులు కూడా "మావాడికి చదువు అబ్బలేదు సార్" అని తలవంచుకుంటారు. ఎవరూ రుజువు అడగరు కాబట్టి ఆ మాట నిజంగా చలామణీ అవుతోంది.

ఆ తీర్పును ఖండించడానికే ఈ వ్యాసం. చదవడం, లెక్కలు చేయడం హైస్కూలు వయసులో మొదటి నుంచీ నేర్పవచ్చు. నేర్పిన చోట పిల్లలు నేర్చుకున్నారు. అందుకు కావలసింది బడి వేళల్లోనే రోజుకో పీరియడ్, పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో అక్కడి నుంచే మొదలయ్యే బోధన. ఆ పీరియడ్ ఇవ్వకపోవడానికి మనం చెబుతున్న కారణాలు అయిదు. వయసు దాటిందంటాం, సిలబస్ ఆగిపోతుందంటాం, స్పెషల్ క్లాసులు పెడుతూనే ఉన్నామంటాం, ఫెయిల్ చేస్తే వాళ్లే దారికొస్తారంటాం, ముందు ప్రాథమిక బడిని బాగుచేయాలంటాం. ఈ అయిదింటిలో ఒక్కటీ పరీక్షకు నిలవదు.

ఎవరీ పిల్లలు?

ముందు వీళ్లెంతమందో చూద్దాం. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో వెలువడే అసర్ నివేదిక 2023లో ప్రత్యేకంగా 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల మీద దృష్టి పెట్టింది. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 34,745 మందిని కలిసింది. తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని ధారాళంగా చదవలేనివాళ్లు వారిలో సుమారు నాలుగో వంతు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43 శాతం మాత్రమే. అలాగని వీళ్లు బడి మానేసినవాళ్లు కారు. సర్వేలో కలిసినవాళ్లలో 86 శాతానికి పైగా ఏదో ఒక బడిలోనో కాలేజీలోనో పేరున్నవాళ్లే. హాజరు పట్టీలో ఉండి, బెంచీ మీద కూర్చుని, పాఠానికి బయట ఉండిపోయిన పిల్లలు వీళ్లు.

వీళ్లను సోమరులనీ మొద్దులనీ అనుకునే ముందు క్యాలెండర్ చూడాలి. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు రెండో తరగతిలో ఉన్న పిల్ల 2025-26లో ఎనిమిదో తరగతికొచ్చింది. మూడో తరగతిలో ఉన్నవాడు తొమ్మిదికొచ్చాడు. గుణింతాలు, ఒత్తులు స్థిరపడాల్సిన రోజుల్లో, ఎక్కాలు నోటికి రావాల్సిన రోజుల్లో దాదాపు ఏడాదిన్నర పాటు వాళ్లకు బడి లేదు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలకు ఆన్‌లైన్ పాఠమూ లేదు. బడి తెరిచాక ఎవరూ వెనక్కి వెళ్లి ఆ పాఠాలు చెప్పలేదు, పైతరగతి పుస్తకం చేతికిచ్చారు. అది చాలదన్నట్టు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకం ముందు, ఏ పేజీనీ చదవలేని పిల్ల కూర్చుని ఉంది. ఈ లోటు ఆ పిల్ల తెచ్చుకున్నది కాదు.

లెక్కల్లో వీళ్లు చేసే తప్పులు జాగ్రత్తగా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 412ను 4తో భాగించమంటే 13 అని రాసే పిల్లవాడికి భాగహారం బొత్తిగా రాదని చెప్పలేం. నాలుగులో నాలుగు ఒకసారి, పన్నెండులో మూడుసార్లు అని సరిగానే చూశాడు. పదుల స్థానంలో ఒకటికి నాలుగు పోదు కాబట్టి అక్కడ సున్నా వేయాలన్నది మాత్రం తెలియదు. 103 రావాల్సిన చోట 13 వచ్చింది. అతనికి స్థాన విలువ దగ్గర ముడి పడింది. సగానికి మూడో వంతు కలిపితే అయిదింట రెండు అని రాసే పిల్ల పైఅంకెలు పైఅంకెలతో, కిందివి కిందివాటితో కలిపింది. అలా కలిపితే జవాబు సగం కన్నా తక్కువైందని గమనించలేదు. భిన్నం ఒకే సంఖ్య అన్న ఊహ ఆమెకింకా కుదరలేదు. ఇవి బుద్ధి లేక చేసే తప్పులు కావు. ప్రతి తప్పు వెనకా ఒక తర్కం ఉంది, ఆ తర్కం ఎక్కడ తెగిందో కనిపిస్తూనే ఉంది. పక్కన కూర్చుని ఆ చోటు చూపించే మనిషి దొరకక, వీళ్లు ఆ పొరపాటును ఆరో తరగతి నుంచి పదో తరగతి వర్గ సమీకరణాల దాకా మోసుకొస్తారు.

వయసు దాటిందన్న వాదం

మొక్క, మాను సామెత అలవాట్ల గురించి చెప్పినది. చదవడం నేర్చుకోవడానికి దాన్ని వర్తింపజేస్తే మన చరిత్రే కాదంటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా కూలి చేసొచ్చిన ఆడవాళ్లు రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దారు. వాళ్లలో ముప్పై దాటినవాళ్లున్నారు, నలభై దాటినవాళ్లున్నారు. దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారాను అడ్డుకున్న కథ ఆ రాత్రి బడుల వాచకంలో పాఠమైంది. దాన్ని చదివిన, చదివించుకున్న ఊళ్లు కదిలాయి. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా వ్యాపించింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. నలభై ఏళ్ల వయసులో, ఒళ్లు అలిసిపోయిన రాత్రిపూట, లాంతరు వెలుగులో సాధ్యమైన పని పదమూడేళ్ల వయసులో, పట్టపగలు, జీతమిచ్చి పెట్టుకున్న ఉపాధ్యాయుల సమక్షంలో అసాధ్యమని చెప్పడానికి ఏ ఆధారముంది?

పైగా పదమూడేళ్ల పిల్లకు ఆరేళ్ల పిల్లకు లేని బలముంది. ఆమెకు తెలుగు మాటలు వేలల్లో తెలుసు. తెలుగు లిపిలో అక్షరానికీ ధ్వనికీ పొత్తు చాలావరకు స్థిరంగా ఉంటుంది. గుణింతం గుర్తులు, ఒత్తులు పట్టుబడితే చదివిన మాటను వెంటనే గుర్తుపడుతుంది, ఎందుకంటే ఆ మాటను రోజూ వింటోంది, అంటోంది. లెక్కల్లోనూ అంతే. సంతలో చిల్లర సరిచూసుకునే పిల్లవాడికి, క్రికెట్ స్కోరులో ఇంకా ఎన్ని బంతులకు ఎన్ని పరుగులు కావాలో చెప్పగల పిల్లవాడికి సంఖ్య కొత్త కాదు. దాన్ని కాగితం మీద పెట్టే పద్ధతే రావాలి.

దీన్ని శాస్త్రీయంగా పరీక్షించినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో షికాగో ప్రభుత్వ హైస్కూళ్లలో 9, 10 తరగతుల అబ్బాయిలకు లెక్కల్లో అదనపు సాయం అందించి, దాని ఫలితాన్ని అర్థశాస్త్రవేత్తలు జొనాథన్ గుర్యన్, జెన్స్ లుడ్విగ్, వారి సహచరులు కొలిచారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది పేద నల్లజాతి, లాటినో కుటుంబాలవాళ్లు. చదువులో ఏళ్ల తరబడి వెనకబడి ఉన్నారు. ఇద్దరు పిల్లలకు ఒక ట్యూటరు, రోజూ ఒక పీరియడ్. అది బడి టైంటేబుల్లోనే ఉంది. ఆ పీరియడ్‌లో పాత ఖాళీలు పూడ్చుతూ, ప్రస్తుత పాఠానికి తోడు నడిచారు. ట్యూటర్లలో చాలామంది అప్పుడే కాలేజీ చదువు ముగించినవాళ్లు, ఉపాధ్యాయ శిక్షణ పొందినవాళ్లు కారు. పిల్లల లెక్కల మార్కులు స్పష్టంగా పెరిగాయి, లెక్కల్లో తప్పేవాళ్లు తగ్గారు. ఆ పరిశోధన వ్యాసానికి వాళ్లు పెట్టిన పేరు 'నాట్ టూ లేట్'. కౌమారంలో సాయం చేసి లాభం లేదన్న నమ్మకం అక్కడా బలంగానే ఉండేది. దానికి జవాబుగానే ఆ పేరు పెట్టారు.

అదే షికాగోలో 2003 నుంచి, ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షలో దేశ మధ్యస్థ స్థాయికి తక్కువ వచ్చిన పిల్లలకు తొమ్మిదిలో బీజగణితం రెండు పీరియడ్లు చేశారు. కొన్నేళ్ల తర్వాత చూస్తే వాళ్లలో హైస్కూలు పూర్తిచేసినవాళ్లు, కాలేజీలో చేరినవాళ్లు పెరిగారు. చదవడంలో బలహీనంగా ఉన్న పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. లెక్కను మాటల్లో చెప్పించడం, రాయించడం ఆ అదనపు పీరియడ్‌లో ఉండటమే కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. మన హైస్కూళ్లకు ఇది నేరుగా పనికొచ్చే పాఠం. "రెండు సంఖ్యల మొత్తం 15, లబ్ధం 56, ఆ సంఖ్యలేవి?" అన్న ప్రశ్నలో 'లబ్ధం' దగ్గర ఆగిపోయినవాడు బీజగణితంలో తప్పాడని మనం నమోదు చేస్తాం. అసలు అతను తప్పింది చదవడంలో. చదవడం రాకపోవడం, లెక్క రాకపోవడం రెండు వేర్వేరు జబ్బులన్నట్టు రెండు చోట్ల మందు వేస్తే తగ్గదు.

సిలబస్ ఎవరి కోసం?

రెండో వాదం బలమైనది, ఎందుకంటే అది ఉపాధ్యాయుడి మీద నిజంగా ఉన్న ఒత్తిడి నుంచి పుట్టింది. "ఎక్కాలు చెబుతూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? తనిఖీకొచ్చిన అధికారి ఎన్నో పాఠంలో ఉన్నావని అడుగుతాడు గానీ ఎంతమందికి వచ్చిందని అడగడు." ఇది అబద్ధం కాదు. అయితే సిలబస్ పూర్తయితే ఎవరికి పూర్తయినట్టు?

దీనికి జవాబు ఢిల్లీలో జరిగిన ఒక పరిశోధనలో ఉంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గానిమియన్ అక్కడి ప్రభుత్వ బడుల్లో చదివే 6 నుంచి 9 తరగతుల పిల్లలను పరీక్షించారు. లెక్కల్లో ఆరో తరగతి పిల్లలు సగటున రెండున్నర తరగతులు వెనకున్నారు. తొమ్మిదికొచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులైంది. పాఠం ముందుకు పోతున్నకొద్దీ పిల్లలు మరింత వెనకబడుతున్నారన్నమాట. ఆ పరిశోధనలో కొందరు పిల్లలకు అదనపు సాయం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. సాయం అందని పిల్లల్లో, అట్టడుగు మూడో వంతు వాళ్లు ఆ పరిశోధన సాగిన నాలుగున్నర నెలల్లో కొత్తగా నేర్చుకున్నది లెక్కకొచ్చేంత లేదు. రోజూ బడికొచ్చారు, పాఠాలు జరిగాయి, సిలబస్ సాగింది. వాళ్ల మటుకు ఏమీ జరగలేదు.

సాయం అందిన పిల్లల సంగతి వేరు. బడి అయ్యాక ఒక బోధన కేంద్రానికెళ్లి, రోజుకు 90 నిమిషాలు కూర్చున్నారు. అందులో సగం సేపు తమ స్థాయిని పసిగట్టి అక్కడి నుంచే ప్రశ్నలిచ్చే కంప్యూటర్ ప్రోగ్రాం మీద, తక్కిన సగం చిన్న బృందంగా ఒక టీచరు దగ్గర. లెక్కల్లోనూ హిందీలోనూ వాళ్లు ముందుకొచ్చారు. తమతో సమానమైన బలహీన పిల్లలతో పోలిస్తే, అందరికన్నా వెనకున్నవాళ్లకే ఎక్కువ లాభం కలిగింది. ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాలి. వాళ్ల తరగతి స్థాయిలో బడి పెట్టే లెక్కల పరీక్షలో మార్కులు ఆ కొద్ది నెలల్లో పెద్దగా కదల్లేదు. నాలుగు తరగతులు వెనకున్న పిల్లవాడు రెండు మెట్లెక్కినా తొమ్మిదో తరగతి ప్రశ్నపత్రానికి అది కనబడదు. కాబట్టి తరగతి పరీక్ష ఒక్కదాన్నే కొలబద్దగా పెట్టుకున్న అధికారికి ఈ పని ఎప్పుడూ వృథాగానే తోస్తుంది. మార్చాల్సింది ఆ కొలబద్దను.

చట్టం ఏమంటుందో కూడా చూడాలి. విద్యాహక్కు చట్టం 2009లోని 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులను వరసగా చెబుతుంది. నిర్ణీత గడువులో పాఠ్యాంశాలన్నీ పూర్తి చేయాలన్నది వాటిలో ఒకటి. దాని పక్కనే, ప్రతి పిల్ల అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైన మేరకు అదనపు బోధన అందించాలన్నది ఇంకొకటి. రెండూ ఒకే సెక్షన్లో, ఒకే బరువుతో ఉన్నాయి. మన తనిఖీలు మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేశాయి. ఎక్కాలు చెప్పినందుకు మాస్టారిని నిలదీసే అధికారి, చట్టంలోని సగం విధిని నెరవేర్చినందుకు ఆయన్ను నిలదీస్తున్నట్టు.

స్పెషల్ క్లాసుల సంగతి

మూడో వాదం: "మేం చేస్తూనే ఉన్నాం కదా! పదో తరగతికి పొద్దునా సాయంత్రం స్పెషల్ క్లాసులు పెడుతున్నాం, సి గ్రేడ్ పిల్లలను టీచర్లకు దత్తతిస్తున్నాం, అభ్యాస దీపికలు పంచుతున్నాం." నిజమే. చలికాలం పొద్దున్నే బడికొచ్చి, చీకటిపడ్డాక ఇంటికెళ్లే ఉపాధ్యాయుల కష్టాన్ని తక్కువ చేయడం అన్యాయం. కానీ ఆ కష్టం ఎటు మళ్లుతోందో చెప్పాలి. పరీక్షకు మూడు నాలుగు నెలల ముందు మొదలయ్యే ఈ తరగతుల లక్ష్యం 35 మార్కులు. గ్రాఫు గీయడం, నిర్మాణాలు, ఏటా తప్పక వచ్చే నాలుగైదు రకాల లెక్కలు, వాటి మెట్లు బట్టీ. 412ను 4తో భాగించడం రాని పిల్లవాడికి సగటు కనుక్కునే సూత్రం కంఠస్థం చేయించి పంపుతున్నాం. పరీక్ష గట్టెక్కుతాడు, భాగహారం మాత్రం రాదు.

ఫలితాల అంకెలే ఈ మాట చెబుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రెండేళ్లలో పందొమ్మిది శాతం పైకి, మరుసటి ఏడాది అయిదున్నర శాతం కిందికి. ఒక రాష్ట్రపు పిల్లల చదువు ఇంత వేగంగా పెరగదు, తరగదు. ఆ అంకె కొలుస్తున్నది పిల్లలకు వచ్చిన చదువు ఒక్కదాన్నే కాదు. ప్రశ్నపత్రం తీరు, పరీక్షకు చేయించిన కసరత్తు కూడా అందులో కలిసి ఉన్నాయి. తెలంగాణలో 2024లో పది పాసైనవాళ్లు 91.31 శాతం. ఏడాది తిరిగాక, 2025 ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షల్లో ఉత్తీర్ణత 66.89 శాతం. ఈ తేడాకు కారణాలు అనేకం ఉండవచ్చు. పరీక్ష వేరు, బోర్డు వేరు, కొందరు పాలిటెక్నిక్‌కు వెళ్తారు. అయినా పదిలో గట్టెక్కించిన పిల్లల్లో ఎందరికి కింద నేల లేదో ఊహించడానికి ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు.

సాయం పదో తరగతి జనవరిలో మొదలైతే అది బడి ఫలితాల శాతానికి చేసే సాయం. పిల్లకు సాయం చేయాలంటే ఆరో తరగతి జూన్‌లో, ఆలస్యమైతే ఎనిమిదో తరగతి జూన్‌లో మొదలుకావాలి.

ఫెయిల్ చేస్తే దారికొస్తారా?

"నో డిటెన్షన్ విధానమే కొంప ముంచింది. భయం పోయింది. ఎక్కడివాళ్లను అక్కడ ఆపితే వాళ్లే చదువుతారు" అన్నది ఇప్పుడు ఎక్కువ మద్దతున్న వాదం. విద్యాహక్కు చట్టాన్ని 2019లో సవరించి పిల్లలను అదే తరగతిలో ఆపే వెసులుబాటు రాష్ట్రాలకు ఇచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం నిబంధనలు వెలువరించి, తన పరిధిలోని బడుల్లో 5, 8 తరగతుల్లో పిల్లలను ఆపే వీలు కల్పించింది. తమిళనాడు ఆ దారిలో వెళ్లబోమని ప్రకటించింది.

భయం పెడితే చదువు వస్తుందన్న ఊహలో, ఆ పిల్లకు చదవడం వచ్చుననీ, కావాలనే చదవడం లేదనీ ఒక నమ్మకం దాగుంది. ఒత్తులు రాని పిల్లను ఎంత భయపెట్టినా ఒత్తులు రావు. అదే తరగతిలో మళ్లీ కూర్చోబెడితే మొదటి ఏడాది అర్థంకాని పాఠమే రెండో ఏడాదీ అర్థం కాకుండా వింటుంది. పక్కన తనకన్నా చిన్నవాళ్లు కూర్చున్నారన్న అవమానమొక్కటే కొత్తగా చేరేది. ఏడో తరగతిలో కామన్ పరీక్ష ఉన్న రోజులు గుర్తున్నవాళ్లకు ఆ తర్వాతేమవుతుందో చెప్పనక్కర్లేదు. తప్పిన మగపిల్లవాడు పనిలో కుదిరాడు, తప్పిన ఆడపిల్లకు ఇంట్లో సంబంధాలు చూశారు. ఆ పరీక్ష పిల్లలకు చదువు నేర్పలేదు, ఎవరు బడి మానాలో తేల్చింది.

ఆ కొత్త నిబంధనలనే తీసుకుందాం. తప్పిన పిల్లకు అదనపు బోధన ఇవ్వాలి, రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి, అప్పటికీ తప్పితేనే ఆపాలి, ఆపిన ఏడాదిలో ఖాళీలు గుర్తించి ప్రత్యేకంగా నేర్పాలి అని వాటిలోనే ఉంది. అంటే ఆపాలన్నవాళ్లు కూడా అదనపు బోధన లేనిదే పని జరగదని ఒప్పుకున్నారు. ఆ బోధన నిజంగా జరిగితే ఆపే అవసరం చాలామందికి రాదు. జరగకపోతే ఆపినందువల్ల ఒరిగేది లేదు. ఎటు చూసినా అవసరమైనది బోధనే. దాన్ని తప్పాక కాకుండా తప్పకముందే ఇవ్వడానికి అడ్డేమిటి?

ముందు ప్రాథమిక బడి బాగుపడాలన్నవారికి

అయిదో వాదం చేసేవాళ్లు పిల్లల మేలు కోరేవాళ్లే. పునాది దగ్గరే సరిచేస్తే హైస్కూల్లో ఈ తంటా ఉండదంటారు. మూడో తరగతికల్లా చదవడం, లెక్కలు రావాలన్న లక్ష్యంతో 2021లో నిపుణ్ భారత్ మొదలైంది. అది మంచి పని, తప్పక సాగాలి. కానీ దాని పరిధి 3 నుంచి 9 ఏళ్ల పిల్లలు. ఆ కార్యక్రమం వచ్చేనాటికే ఆ వయసు దాటినవాళ్లు దాని లెక్కలోకి రారు. ప్రాథమిక విద్య రేపటికి బాగుపడినా, ఈరోజు తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్ల మళ్లీ రెండో తరగతికి వెళ్లలేదు. రాబోయే పిల్లలకు న్యాయం చేస్తున్నామని చెప్పి, ఇప్పుడున్న పిల్లలను వదిలేసే హక్కు ఎవరికీ లేదు. తెలంగాణలో ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు, దాని తర్వాత 6 నుంచి 9 తరగతులకు ఉన్నతి వచ్చాయి. హైస్కూల్లోనూ ఈ అవసరముందని ప్రభుత్వమే గుర్తించింది. ఇక మిగిలింది దానికి తగిన సమయం, మనుషులు.

ఆ రెండూ లేకపోతే ఏమవుతుందో కూడా ఇదివరకే తేలింది. పిల్లలు ఉన్న స్థాయి నుంచే నేర్పే ప్రథమ్ సంస్థ పద్ధతిని ప్రభుత్వ బడుల్లో ప్రవేశపెట్టినప్పుడు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం వేర్వేరు రాష్ట్రాల్లో ఫలితాలు కొలిచింది. బీహార్‌లో టీచర్లకు పుస్తకాలు మాత్రమే ఇచ్చిన చోట మార్పు లేదు. హర్యానాలో ప్రాథమిక తరగతులకు రోజూ ఒక గంట విడిగా కేటాయించి, ఆ గంటలో పిల్లలను తరగతి ప్రకారం కాక స్థాయి ప్రకారం కూర్చోబెట్టి, పైనుంచి పర్యవేక్షణ ఉంచిన చోట అదే ప్రభుత్వ టీచర్ల చేతుల మీదుగా పిల్లలకు హిందీ చదవడం మెరుగైంది. శిక్షణ ఇచ్చి, మాడ్యూల్ పంచి, మామూలు పీరియడ్ల మధ్య ఎలాగో ఇరికించుకోమంటే అది రికార్డుల్లో మాత్రమే జరుగుతుంది.

ముద్ర పడుతుందన్న భయం

ఈ అయిదింటికీ బయట ఒక అభ్యంతరముంది. దాన్ని గౌరవించాలి. బలహీనమైన పిల్లలను విడదీస్తే వాళ్ల మీద ముద్ర పడుతుందన్నది ఆ భయం. ఢిల్లీ ప్రభుత్వం 2016లో చునౌతీ పేరుతో పిల్లలను స్థాయిని బట్టి వేర్వేరు సెక్షన్లుగా చేసినప్పుడు ఈ విమర్శ వచ్చింది. మన ప్రైవేటు బడుల్లో ఎ సెక్షన్, డి సెక్షన్ అని విడదీసి, మంచి టీచర్లను ఎ సెక్షన్‌కు పంపే పద్ధతి ఎంత హాని చేస్తుందో అందరికీ తెలుసు.

అందుకే రోజంతా, ఏడాదంతా విడదీయకూడదు. తరగతి ఒకటే ఉండాలి, ఒక్క పీరియడ్ మాత్రం స్థాయిని బట్టి సాగాలి. ఆ పీరియడ్‌లో బడిలోని పిల్లలంతా ఏదో ఒక బృందంలో ఉండాలి. కొందరు చదవడంలో, కొందరు భిన్నాల్లో, కొందరు ముందున్న పాఠాల్లో. లెక్కల్లో వెనకున్న పిల్ల చదవడంలో ముందు బృందంలో ఉండవచ్చు. ఆరు వారాలకోసారి చూసి బృందాలు మార్చాలి. అందరూ కదిలే ఏర్పాటులో ఒక్కరి మీద ముద్ర నిలవదు. నిజానికి ఇప్పటి పద్ధతిలోనే ముద్ర ఎక్కువ. చదవమని లేపినప్పుడు నోరు పెగలక, నలభై మంది ముందు నిలబడటం కన్నా పెద్ద ముద్ర ఏముంది?

చేయాల్సింది ఇది

బడి తెరిచిన జూన్‌లోనే ఆరు నుంచి తొమ్మిది దాకా ప్రతి పిల్లనూ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి పరీక్షించాలి. ఒక పేరా చదివించాలి, ఒక తీసివేత, ఒక భాగహారం, ఒక భిన్నం చేయించాలి. ఒక్కో పిల్లకు కొద్ది నిమిషాలు చాలు. ఆ తర్వాత మొదటి వంద పనిదినాలు రోజూ ఒక పీరియడ్ ఈ పనికే. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు విద్యాహక్కు చట్టం ఏడాదికి 220 పనిదినాలు, 1,000 బోధనా గంటలు నిర్దేశించింది. 45 నిమిషాల పీరియడ్ చొప్పున వంద రోజులకు అయ్యేది 75 గంటలు. వెయ్యి గంటల్లో 75 గంటలు ఇస్తే సిలబస్ కుప్పకూలదు. ఇవ్వకపోతే తక్కిన 925 గంటలు ఆ పిల్లల దగ్గర వృథా అవుతాయి.

మనుషులెక్కడ అని అడగవచ్చు. ముంబయి, వడోదర బడుల్లో బాలసఖి కార్యక్రమం నడిచింది. పది, ఇంటర్ చదివిన ఆ ఊరి అమ్మాయిలకే శిక్షణ ఇచ్చి, వెనకబడిన ప్రాథమిక తరగతుల పిల్లలను రోజూ రెండు గంటలు వాళ్లకప్పగిస్తే చదువు మెరుగైందని పరీక్షల్లో తేలింది. మన ఊళ్లలో డిగ్రీ, డీఈడీ, బీఈడీ చేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న యువతీయువకులు వేలల్లో ఉన్నారు. గౌరవ వేతనమిచ్చి, లెక్కల టీచరు, తెలుగు టీచరు పర్యవేక్షణలో పెడితే ప్రతి హైస్కూలుకూ ఇద్దరు దొరకడం కష్టం కాదు. దాంతోపాటు ఉపాధ్యాయుల నెత్తిన పెట్టిన యాప్‌లు, ఫొటోల అప్‌లోడ్లు, సర్వేలు తీసేయాలి. పాఠం చెప్పాల్సిన మనిషి ఫోనులో అంకెలు ఎక్కిస్తూ కూర్చుంటే ఏ పథకమూ నిలబడదు.

చివరిగా, లెక్క అడిగే తీరు మారాలి. పది ఫలితాల శాతంతో బడికి ర్యాంకు ఇవ్వడం ఆపి, జూన్‌లో చదవలేని పిల్లల్లో డిసెంబరుకు ఎంతమంది చదువుతున్నారని మండల స్థాయి సమీక్షలో అడగాలి. హెచ్ఎం ఆ జాబితా పట్టుకుని జవాబు చెప్పాలి. తల్లిదండ్రుల సమావేశంలో ప్రతి తండ్రీ ప్రతి తల్లీ తమ పిల్ల చేత ఒక పేరా చదివించి విని వెళ్లాలి.

పదో తరగతి దాటిన ఈ పిల్లలే రేపు బ్యాంకు ఫారం నింపాలి, మందుల చీటీ మీద మోతాదు చదవాలి, అప్పు మీద వడ్డీ లెక్క చూసుకోవాలి, ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టేముందు అందులో ఏముందో తెలుసుకోవాలి. ఆ చదువు ఇవ్వగలిగే చివరి చోటు హైస్కూలు. ఇక్కడ వదిలేస్తే వీళ్లకు మళ్లీ ఎవరూ పలకా బలపం పట్టించరు. అందుకే ఆలస్యమైందని చెప్పేవాళ్లకు నా జవాబు ఒకటే: ఆలస్యమైంది కాబట్టే ఇక ఒక్క విద్యాసంవత్సరం కూడా పోగొట్టకూడదు. వచ్చే జూన్ టైంటేబుల్లో ఆ పీరియడ్ ఉండాలి. లేని బడిలో ఎందుకు లేదని ఊరు అడగాలి.